బాపు మూయని యాప్

జూలై 7, సోమవారం
గౌడవెల్లి నుంచి బాపు ఫోన్. బోరు దగ్గర వైరు జాయింటుకు టేపు చుడుతుంటే షాక్ కొట్టిందట. "ఏం గాలె బిడ్డా, చెయ్యి జర తిమ్మిరెక్కింది, గంతే" — నవ్వుతున్నాడు. మోటరు ఆఫ్ అని మా ఆఫీసు రైతుల కోసం చేసిన యాప్‌లో చూసుకునే వైరు పట్టుకున్నాడు. ఆ స్క్రీన్‌కు కోడ్ రాసింది నేనే.

జూలై 8
నిన్న కరెంటు పోయింది, వచ్చింది, మోటరు తనంతట తానే ఆన్ అయింది. స్క్రీన్ మాత్రం ఆఫ్ దగ్గరే ఆగిపోయింది. ఎందుకు? ఆఫీసులో ఇరవై సార్లు చేసి చూశాను, ప్రతిసారీ చక్కగా మారుతోంది. మా టీమ్ లీడ్ — "మీ బాపు సరిగ్గ జూసిండా అసలు? అద్దాలు వెట్టుకున్నడా?" ఒళ్లు మండింది.

జూలై 9
ఇంకా ఎంతమంది రైతుల చేతుల్లో ఉందో ఆ యాప్...

జూలై 10
ఉండబట్టలేక సెలవు పెట్టి, అల్వాల్ నుంచి బండి మీద ఊరికి. బాపు చొక్కా జేబులో, ప్లాస్టిక్ కవర్లో ఫోన్. యాప్ తెరిచే ఉంది.
"ఇది ఎప్పుడు మూస్తవ్ బాపూ?"
"మూసుడెందుకే? మూస్తే మోటరు బందయితది గదా. నేనెన్నడు మూయలే."
అప్పుడర్థమైంది. ఆఫీసులో మేం ప్రతిసారీ యాప్ మూసి, కొత్తగా తెరిచి చూస్తాం. బాపు మూయడు. జేబులోంచి తీసినప్పుడు స్క్రీన్ ఆన్‌లో ఉన్నావా అని మోటరును మళ్లీ అడగడం లేదు, పొద్దున చూసిందే చూపిస్తోంది. తప్పు నాదే.

జూలై 11
కోడ్ మార్చి రాశాను. ఫోన్ బయటికి తీసిన ప్రతిసారీ మళ్లీ అడిగేలా. మూడు ఫోన్లలో, బాపులాగా మూయకుండా చూశాను. మారుతోంది. బాపుకు ఫోన్ — ఫ్యూజు పీకకుండా వైరు ముట్టకు అని. "నువ్వు జేసిందే గదా బిడ్డా. నిన్ను నమ్మకుంటే ఇంకెవర్ని నమ్మాలె?"

జూలై 13, ఆదివారం
ఊరికెళ్లి, మార్చిన యాప్ బాపు ఫోన్‌లో నేనే వేశాను. స్క్రీన్ మీద: ఆఫ్. బాపు టేపు తీసుకుని వైరు మీదికి వంగాడు.
"ఆగు బాపూ!"
పరుగెత్తి ఫ్యూజు పీకాను. నేను రాసిన ఆఫ్‌ను నేనే నమ్మలేదు. బాపు స్క్రీన్ వంక చూశాడు, నా వంక చూశాడు.
రేపు పదింటికి మీటింగ్. బాగైందా అని అడుగుతారు. అవునంటే రైతులందరి ఫోన్లకూ పంపేస్తారు...