ఇదే నా గది, ఆమా

అక్టోబర్ 24, శనివారం

పండూ,
నీ టేబుల్ ఎక్కడికీ పోలేదు. నేనే పోనియ్యలేదు.

నువ్వు పోయి ఆరు నెలలు. దవఖానల నిన్ను అద్దంలకెల్లి సుత చూడనియ్యలేదు నాకు. ఇప్పుడు నీ తమ్ముడు శీను నీ టేబుల్ ఫోటో తీసి ఫోన్ల పెట్టిండు. ఊకెనే ఇస్తం, వచ్చి తీస్కపొండి అని. నన్ను అడగలే. "అది కండ్ల వడితే పానం బాగుంటలేదమ్మా" అంటడు. వాడి బాధ వాడిది. కని అడగొద్దా?

పదకొండు గంటలకు ఒక పిల్ల వచ్చింది. నేపాల్ పిల్ల. అస్మిత. ఇక్కడ చదువుకునేతందుకు వచ్చి నెల కాలేదు. మూతికి మాస్కు, చేతిల తాడు. గింత పెద్ద టేబుల్ ట్రాంల తీస్కపోతదట! నాకొచ్చిన హిందీల అడిగిన — నీ గదిల పడ్తదా?
నవ్వింది. "గది ఇంకా దొరకలే ఆంటీ. దోస్తు వాళ్ల సెల్లార్ల టేబుల్‌కు జాగ దొరికింది. తర్వాత నాకు చూసుకుంట."
ఈ మ్యూనిక్‌ల గది దొరుకుడంటే... నీకు తెల్వనిదా.

శీను స్క్రూడ్రైవర్ కోసం కిందికి పోయిండు. పిల్ల మెల్లగ అడిగింది — ఐదు నిమిషాలు ఇక్కడ కూసోని మా అమ్మకు వీడియో కాల్ చేసుకోవచ్చా?
నీ కుర్చీల కూసుంది. మాస్కు తీసింది. కిటికీ చూపిచ్చింది. నీ పుస్తకాల అర చూపిచ్చింది. టేబుల్‌ను చెయ్యితోని తట్టి మరీ చూపిచ్చింది. వాళ్ల మాట సగం హిందీ లెక్కనే ఉంటది, నాకు సమజైంది. ఇదే నా గది, ఆమా. తిన్న, ఆమా.
అమ్మను వాళ్లు ఆమా అంటరు.

నువ్వు సుత గట్లనే చూపిచ్చినవ్ కద. చదువుకునేటప్పుడు. ఎవరిదో వంటిల్లు, ఎవరిదో కూర గిన్నె... "తిన్ననే అమ్మా, చూడు." నేను మురిసిన. వాడకట్టంత చెప్పుకున్న. రొట్టె ముక్క తిని పండుకున్న దినాల సంగతి నేను ఇక్కడికి వచ్చినంక గాని చెప్పలే నువ్వు. అది సుత నవ్వుకుంట చెప్పినవ్.

శీను వచ్చిండు. స్క్రూడ్రైవర్ లోపల పెట్టుమన్న.
"టేబుల్ ఇయ్య. గది ఇస్త."
ఇద్దరు నా దిక్కు చూసిన్రు.

అక్టోబర్ 25

దసరా. శీను మాట్లాడతలేడు.

మాట్లాడిండు. మధ్యాహ్నం. "తెల్వని పిల్ల. కరోనా టైంల. నీకేమన్న పిచ్చి లేసిందా?"
"నీ అక్కకు తెల్వనోళ్లు అంటిచ్చిన్రారా?"
అనొద్దుండె. మొదలు జరమొచ్చింది వాడికే. వాడు బతికిండు. ఇన్ని దినాలు ఆ మాట నా నోట్లకెల్లి రాలే. ఇయ్యాల వచ్చింది. వాడు కంచం ముంగట్నుంచి లేశిండు.
కని గది సంగతి మాత్రం వెనుకకు తీసుకోలే. తీసుకోను.

అక్టోబర్ 28

అస్మిత ఫోన్ చేసింది. దోస్తు వంటింట్ల కింద పండుకుంటుందట. నవంబర్ 19కి ఆఫీసుల టెర్మిన్, అంటే పోయే టైము, దొరికిందట. "ఇంట్ల ఉంచుకున్నోళ్లు సంతకం పెట్టిన కాగితం కావాలె ఆంటీ. అది ఉంటెనే అన్‌మెల్డుంగ్." అంటే ఈ ఊరోళ్ల లెక్కల పేరు ఎక్కుడు. పేరు ఎక్కకుంటె వీసా పొడిగియ్యరు. వాపస్ పోవాలె.
ఈ కిరాయి ఇల్లు ఇప్పుడు శీను పేరు మీదుంది. సంతకం వాడిదే కావాలె. డిసెంబర్‌ల ఊరికి వాపస్ పోను నా టికెటు. ఆలోపు ఇది కావాలె.

నవంబర్ 4

టెస్టు చేయించుకొని వచ్చింది. ఒక సంచి, ఒక కుక్కర్. శీను — "పది దినాలు. సంతకం గింతకం అడగొద్దు."
కింది ఇంటామె మెట్ల మీద ఆపింది. ఎవరీ పిల్ల, లాక్‌డౌన్‌ల ఎన్ని ఇండ్లోళ్లు కలుస్తున్నరు అని. నేను తెలుగులనే చెప్పిన — "ఒక్క ఇల్లే. నీ తలుపు నువ్వేస్కో."
ఏస్కున్నది. శీను నెత్తి పట్టుకున్నడు.

నవంబర్ 8

పప్పుల నెయ్యేస్తె వద్దంటది. ఇయ్యాల అననే లేదు.

నవంబర్ 11

కిరాయి ఎంతో కొంత ఇస్తనంటది. ఇయ్యని. ఊకెనే ఉన్నదన్న మాట పడొద్దు పిల్ల.
నీ కోటు వేస్కుంటవా అని అడిగిన. చేతులు పొడుగైనయి. మడిచింది.

నవంబర్ 16

శీను చెప్పిన పది దినాలు దాటినయి. నేను యాది చెయ్యలే. ఇయ్యాల అస్మిత వాళ్ల పండుగ. అక్కచెల్లెండ్లు అన్నదమ్ములకు బొట్టు పెడ్తరు. ఆమె తమ్ముడు నేపాల్‌ల ఉన్నడు. నీ టేబుల్ మీద ఫోన్ నిలవెట్టి, ఆ అద్దం మీదనే రంగులు పెట్టింది వేలుతోని. "అక్కా, ముక్కు మీద పెట్టినవ్" అని వాడు ఒకటే నవ్వుడు.
శీను తలుపు కాడ నిలవడ్డడు. ఎంతసేపటి నుంచో. వంటింట్లకు పోయి నల్ల ఇప్పిండు. కడిగేతందుకు గిన్నెలేం లేవు.

నవంబర్ 17

ఫ్రిజ్ మీద కాగితం. శీను సంతకం.
"ఓనరమ్మకు మెయిల్ పెట్టిన. ఆమె సుత ఒప్పుకోవాలె."
"ఒప్పుకోకుంటె?"
"నీకొచ్చిన తెలుగుల చెప్పు, తలుపేస్కుంటది."
నవ్విండు పండూ. ఏప్రిల్ నుంచి గిదే మొదలు.

నవంబర్ 18

ఓనరమ్మ జవాబు లేదు.
కింద పోస్టు డబ్బ మీద అస్మిత పేరు అంటిచ్చిన. ఒప్పుకోకముందే ఎట్లా అంటడు శీను. అంటిచ్చిన. నీ పేరు తీయలే. దాని కిందనే పెట్టిన.

పొద్దుమూకి వాళ్ల ఆమా ఫోన్. తిన్నవా అంటుంది. తిన్న ఆమా, అంటుంది పిల్ల. పొద్దున్నుంచి చాయ మీదనే ఉంది — రేపటి భయానికి. ఫోన్ గుంజుకున్న. "ఝూట్ బోల్తీ హై. తినలే. ఇప్పుడు నా ముంగటనే తింటది, నువ్వు చూడు."
చూసింది. కొంగు నోటికి పెట్టుకొని, ఆఖరి ముద్ద దాక చూసింది.

నవంబర్ 19

జవాబు రాలే. ఉన్న కాగితం పట్టుకొని పొమ్మన్న. డబ్బల పులిహోర కట్టిచ్చిన. శీను సుత ఎంబడి పోయిండు. జర్మన్ మాట్లాడేతందుకట. లీవ్ పెట్టి.

పన్నెండు దాటింది. ఫోన్ లేదు.
నీ టేబుల్ కాడ కూసొని రాస్తున్న. నాలుగో తరగతి రాత. దిద్దేతందుకు నువ్వు లేవు... రెండు కంచాలు కడిగి పెట్టిన. ఆఫీసోళ్లు అవునన్నా కాదన్నా ఆకలితోనే వస్తరు.

నువ్వు యాడున్నవో. ఎవరన్న పెడితె మొహమాటపడకు. కడుపునిండ తిను, బిడ్డా.