ఎలిఫ్ పేరు పక్కన నేను రాసిన మాట

షామ్‌బర్గ్

అక్కకు, నీ చెల్లెలు సరళ నమస్కరించి రాసేది.

నేనూ, మీ మరిదిగారూ ఇక్కడ కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారు ఉప్పు తగ్గించారా, నీ కళ్లుగప్పి ఊరగాయ వేసుకుంటున్నారా? ఇక్కడ చలి విపరీతంగా ఉంది. స్వెట్టరు మీద కోటు వేసుకునే తిరుగుతున్నాను, నా గురించి బెంగపెట్టుకోకు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కందిపొడి పంపు.

మొన్న ఫోన్‌లో "డే కేర్ ఉద్యోగం ఎలా ఉందే?" అని అడిగావు. బాగుందన్నాను. అబద్ధం చెప్పాను అక్కా. నోటితో చెప్పడానికి సిగ్గేసి ఇలా రాస్తున్నాను.

నేను టీచర్‌కు సాయం చేసే క్లాసులో ఎలిఫ్ అని ఐదేళ్ల టర్కీ పాప ఉంది. వాళ్లమ్మకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఒకరోజు మధ్యాహ్నం నేనొక మూల కూర్చుని పెరుగన్నం తింటుంటే, ఆ పిల్ల తను కొరికిన రొట్టె తెచ్చి నా నోటి దగ్గర పెట్టింది. ఒకరు కొరికిన జామకాయ ఇంకొకరిని ముట్టనివ్వని ఇంట్లో పెరిగాం కదా, ఆ ఎంగిలి చూస్తేనే నాకు ఒళ్లు జలదరించింది. వద్దన్నాను. మర్నాడూ తెచ్చింది. కసిరాను. మూడో రోజు ఏకంగా నా పెదాలకే తాకించింది.

ఎంగిలి అని చెప్పుకోలేక, ఇంటికి పంపే కాగితంలో ప్రవర్తన అన్నచోట 'అన్‌రూలీనెస్' అని రాశాను. పెద్ద మాట రాస్తే టీచర్ మెచ్చుకుంటుందని కూడా అనుకున్నాను, నా బుద్ధి చూడు. ఫోన్‌లో అర్థం చూస్తే అదుపులో ఉండకపోవడం, చెప్పిన మాట వినకపోవడం అని ఉంది. సరిగ్గా సరిపోయిందనుకున్నాను. వాళ్లమ్మకు తెలియాలని టర్కిష్‌లో ఏమంటారో వెతికి, వచ్చిన నాలుగైదు మాటల్లో మొదటిది, 'అసిలిక్', పక్కన రాసేశాను.

సాయంత్రం పాపను తీసుకెళ్లడానికి వచ్చి వాళ్లమ్మ ఆ కాగితం చదివింది. తన ఫోన్‌లో ఏదో మాట్లాడి, ఇంగ్లీషులోకి మార్చి నాకు చూపించింది. "ఇది తిరగబడేవాళ్లని అనే మాట. మీరు ఒక్కరే తింటారని పాప చెప్పింది. ఆంటీకి కూడా పెట్టమని నేనే అన్నాను. తప్పు నాది, సారీ."

నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అసలు సంగతి అప్పుడైనా ఒప్పుకున్నానా? లేదు. "పర్లేదండీ" అన్నాను, నేనేదో క్షమించినట్టు.

వారమంతా సిగ్గుతో నిద్ర లేదు. నిన్న ఆమెకు ఫోన్‌లో టర్కిష్‌లోకి మార్చి ఉన్నదున్నట్టు చెప్పి, క్షమించమన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. పెద్దవాళ్లం కదా, సర్దుకున్నాం.

ఎలిఫ్ మాత్రం ఆ కాగితం ఇంటికెళ్లిన రోజు నుంచీ తినేటప్పుడు కుర్చీలోంచి కదలదు. ఈ మధ్యాహ్నం తన పక్కనే కూర్చుని, "నాకు కొంచెం పెట్టవా?" అన్నాను. నిజంగా తిందామనే అడిగాను అక్కా. ఆ పిల్ల రొట్టెను రెండు చేతులతో దగ్గరికి లాక్కుని, "నో ఆంటీ. ఐ యామ్ గుడ్ నౌ" అంది.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, దీవించడం మాత్రం మానకు.

నీ చెల్లెలు
సరళ