పేర్లు తీసేసే ప్రోగ్రాం

మార్చి 3, సోమవారం. ఉదయం 5.40

నా కోడ్ నాలుగు నెలలుగా ఒక మనిషిని గుమ్మంలోంచే వెనక్కి పంపుతోంది. మా హాలు ప్రార్థన పెట్టెకి ఉత్తరం రాగానే మెయిల్ అడ్రస్ సరైనదో కాదో చూసే చోట, ప్లస్ గుర్తు కనిపిస్తే చెల్లదని రాశాను. అలాంటి అడ్రస్‌లు ఉంటాయని నాకు తెలీదు. నేను నేర్చుకున్నదంతా ఫ్రీ పాఠాల్లో, లిఫ్టుల రిపేరు పని మధ్య, మెషిన్ రూముల్లో కూర్చుని. తొమ్మిది ఉత్తరాలు తిరిగి పోయాయి. ఎవరో తొమ్మిదిసార్లు ప్రార్థన చేయమని అడిగారు, తొమ్మిదిసార్లు మా ప్రార్థన హాలు నీ అడ్రస్ చెల్లదు పొమ్మంది.

గ్రంథం తెరిచి, వాకిలి కాసేవాళ్ళ గురించి ఉన్న పేజీ చదివి సిగ్గుపడ్డాను.

రూలు తీసేశాను. ఇక @ ఉందా లేదా, అంతే. అవతల మనిషి ఉన్నాడో లేడో ఉత్తరం పంపితేనే తెలుస్తుంది. పంపకుండా తేల్చే కోడ్ ఎవరూ రాయలేదు.

మార్చి 9, ఆదివారం

టైర్ల షాపు మీది హాలు నిండిపోయింది. నలభై నిమిషాలు మాట్లాడాను. గొంతు పోయింది. ప్రార్థన ఉత్తరాల గురించి మళ్ళీ చెప్పాను. మీరు రాసిన ఉత్తరం ముందు ప్రోగ్రాం చేతిలో పడుతుంది, అది మీ పేరూ అడ్రసూ తీసేసి ఒక నంబరు వేస్తుంది, ప్రార్థన చేసే పదకొండు మందికి నంబరే వెళ్తుంది, వాళ్ళ జవాబు ఆ నంబరు మీదుగానే మీకు చేరుతుంది. మీ పేరు నేను కూడా చూడను. మైకు గట్టిగా పట్టుకుని ఇది నా మాట అన్నాను. లేఖనం మీద చెయ్యి పెట్టి అన్నాను.

ముందు కుర్చీలో మా సంఘం పెద్దాయన తల ఊపుతూ కూర్చున్నాడు. తాగి మెట్ల మీద పడి ఉన్న నన్ను పదకొండేళ్ళ క్రితం లేపి, మొహం కడిగి, గ్రంథం చేతిలో పెట్టిన మనిషి. ఆయన తల ఊపితే నాకు ఇంకో పావుగంట ఊపిరి వస్తుంది.

మార్చి 16, ఆదివారం

పిల్లల క్లాసు చెప్పే కుట్టుపని అక్కయ్యని తీసేశారు. కారణం చెప్పలేదు. కమిటీ నిర్ణయమట. ఆమె రంగు కాగితాలూ కత్తెరా సంచిలో సర్దుకుని వెనక మెట్లు దిగి వెళ్ళిపోయింది. పిల్లలు ఆమె వెనకే సగం మెట్లు దిగారు.

మార్చి 17, సోమవారం

సాయంత్రం ఆమె కొట్టుకి వెళ్ళాను. మిషన్ ఆపలేదు. కూర్చోమనలేదు.

కుడుతూనే చెప్పింది. మా ఆయన ఓడల్లో పని చేస్తాడని ఊరందరికీ చెప్పుకున్నానన్నయ్యా, జైల్లో ఉన్నాడు, ఆరు నెలల్లో వస్తాడు, పిల్లలకి ఎలా చెప్పాలో ధైర్యం ఇమ్మని మీ పెట్టెకి రాశాను, ఈ సంగతి నా కన్నతల్లికి కూడా తెలీదు అంది. కమిటీవాళ్ళు పిలిచి, ఓడ ఎప్పుడొస్తుందమ్మా అని అడిగారట. ఒకాయన నవ్వాడట కూడా.

నేను చూడలేదమ్మా, నాకు కనపడదు అన్నాను. దారం పళ్ళతో తెంపి నా వైపు చూసింది. మైకు ముందు బాగా మాట్లాడతారన్నయ్యా మీరు అంది.

ఇంటిదాకా నడిచే వచ్చాను.

మార్చి 18, మంగళవారం. ఉదయం 4.50

తప్పు నాదే అయుంటుంది. కొన్ని ఫోన్లు ఉత్తరం అడుగున పేరు వాటంతటవే అతికిస్తాయి. అది నా ప్రోగ్రాం కంట పడకుండా జారిపోయి ఉంటుంది. ప్రభువా, తప్పు నాదే అయితే బాగుండును.

మార్చి 19, బుధవారం

రెండొందల ఉత్తరాలు నకిలీవి తయారుచేసి పంపాను. అడుగున పేరు, మధ్యలో పేరు, ఫోటోకి పెట్టిన పేరు, పాత జవాబులో ఇరుక్కున్న పేరు. అన్నిటినీ పట్టుకుంది. ఒక్కటీ జారలేదు.

మార్చి 20, గురువారం

కోడ్‌లో తప్పు లేదు.

మార్చి 22, శనివారం. మధ్యాహ్నం 2.15

మధ్యాహ్నం ఒక ఆఫీసు లిఫ్టు పైన కూర్చుని, ఫోన్లో, ఇన్నాళ్ళూ చూడని చోట చూశాను. నా ప్రోగ్రాం కాదు. మెయిల్ పెట్టె సెట్టింగులు. అక్కడ ఒక ఫార్వర్డ్ రూలు ఉంది. వచ్చిన ప్రతి ఉత్తరం, ప్రోగ్రాం ముట్టుకోకముందే, పేరుతో సహా ఇంకో అడ్రస్‌కి ఒక కాపీ వెళ్తోంది.

ఆ అడ్రస్ నాకు కంఠతా వచ్చు. పండక్కీ పబ్బానికీ కాదు, రోజూ ఉదయం పెద్దాయన నాకు వాక్యం పంపేది అక్కడినుంచే.

ఆ రూలు మీద ఉన్న తేదీ మేం పెట్టె మొదలుపెట్టిన రోజుది. ఆ రోజు కంప్యూటర్ మీద అందరం చేతులు ఉంచి ప్రార్థన చేశాం. మొదటి మీట పెద్దాయనే నొక్కాలన్నాను. గౌరవంగా ఉంటుందని ఆయన పేరున కూడా అన్ని అధికారాలతో ఒక లాగిన్ తయారుచేశాను. రెండో తాళంచెవి ఎవరికీ ఇవ్వొద్దని పాఠంలో చెప్పారు. పాఠం రాసినవాడికి పెద్దాయన తెలీదు కదా అనుకున్నాను.

కింద వాచ్‌మన్ లిఫ్టు ఎప్పుడవుతుందని రెండుసార్లు అరిచాడు. ఇంకో పది నిమిషాలని పైనుంచే అరిచాను.

మార్చి 23, ఆదివారం

మీటింగ్ అయ్యాక వెనక గదిలో అడిగాను. బుకాయించలేదు. బుకాయిస్తే బాగుండేది. కూర్చో నాయనా అన్నాడు. కాపరికి ఏ గొర్రెకి ఏ గాయమో తెలియొద్దా, నంబర్లు తెలిస్తే సరిపోతుందా అన్నాడు. పిల్లల ముందు నిలబడే మనిషి అబద్ధం మీద నిలబడితే రేపు నీకూ నాకూ లెక్క అడగరా అన్నాడు. మరి నా చేత మైకులో మాట ఎందుకు ఇప్పించారయ్యగారూ అన్నాను. నువ్వు చెప్తే నమ్ముతారురా, నా మాట కాస్త నెమ్మది అన్నాడు. నవ్వుతూనే.

అప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. నలభై ఒకటో ఉత్తరం కూడా చదివానన్నాడు. పోయిన సంవత్సరమే చదివాను, అయినా నిన్ను మైకు దగ్గర్నుంచి దించానా, ఎవరితోనైనా అన్నానా, అదీ కాపరి అంటే అన్నాడు.

నలభై ఒకటి నాది.

నా సొంత అడ్రస్ నుంచే రాశాను. నేను రాసిన ప్రోగ్రాం మీద నాకు అంత నమ్మకం. మైకు ముందు గొంతు మండుతోంది, లోపల బూడిద కూడా లేదు, ఇంట్లో మోకరిస్తే గోడకి చెప్పినట్టుంది, ఇలాంటివాడి కోసం ప్రార్థించండి అని రాశాను.

ఏడాదిగా ఆయన ముందు కుర్చీలో తల ఊపింది ఇది తెలిసే.

మార్చి 24, సోమవారం

గ్రంథం తెరవలేదు.

మార్చి 25, మంగళవారం

మా ఆవిడకి మొత్తం చెప్పాను. పెద్దాయన సంగతికి అంత ఆశ్చర్యపోలేదు. నలభై ఒకటి దగ్గర ఆగిపోయింది. పక్కన పడుకునే మనిషికి చెప్పకుండా పెట్టెకి రాశారా అంది. పేరు తీసేస్తుందని ధైర్యం అన్నాను. నా దగ్గర పేరు దాచుకోవాల్సినంత ఏం చేశాను అంది.

కాసేపటికి, నోరు మూసుకుంటే అందరూ బాగుంటారుగా అంది. అందరూ అంటే కుట్టుపని అక్కయ్య కాదు. ఆ మాట పైకి అన్నాను. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మార్చి 26, బుధవారం. ఉదయం 6.10

రూలు తీసేశాను. పెద్దాయన లాగిన్ తీసేశాను. పెట్టె మూసేశాను. మూసేముందు, ఇన్నాళ్ళూ రాసినవాళ్ళందరికీ నంబర్ల మీదుగానే ఒక్క ఉత్తరం పంపాను. మూడువందల పన్నెండు మంది.

మీ ఉత్తరాలు పేరుతో సహా ఒకరు చదివారు, ఆయన మన పెద్దాయన. ఎవరూ చూడరని మాట ఇచ్చింది నేను. తాళంచెవి ఇచ్చిందీ నేనే. మీవి చదివారు కాబట్టి నాది కూడా మీరు చదవాలి. అని రాసి, కింద నలభై ఒకటి మొత్తం పెట్టాను. నా పేరుతో, నా సొంత అడ్రస్‌తో.

నాలుగు బౌన్స్ అయి తిరిగొచ్చాయి. మిగతావి చేరాయి.

మార్చి 28, శుక్రవారం

నా అడ్రస్‌కి వచ్చిన జవాబులు ఏడు. రెండు తిట్లు. పెద్దాయన మీద ఇలా రాయడానికి చేతులెలా వచ్చాయని నాలుగు. ఒకటి మాత్రం ఖాళీగా ఉంది, ఏమీ రాయకుండానే పంపారు.

మార్చి 30, ఆదివారం

నేను వెళ్ళలేదు. మా ఆవిడ వెళ్ళొచ్చింది. పిల్లల క్లాసు మళ్ళీ కుట్టుపని అక్కయ్యకే ఇచ్చారట. సంతోషం. నిజంగానే సంతోషం.

విశ్వాసం పోగొట్టుకున్న ఒక సోదరుడి కోసం పెద్దాయన మైకులో ప్రార్థన చేయించాడట. నా పేరు పెట్టి. అందరూ ఆమెన్ అన్నారట. కుట్టుపని అక్కయ్య కూడా.

నువ్వన్నావా అని మా ఆవిడని అడగలేదు.