పీకేసిన గీతలు

రెడ్ విల్లో, మానిటోబా
నవంబరు 14, బుధవారం

రెడ్ విల్లో కర్లింగ్ క్లబ్బు, హాలు కమిటీ అధ్యక్షురాలు శ్రీమతి వెర్నా మక్‌ఫేల్ గారి సముఖానికి,

అదే క్లబ్బు సభ్యురాలు లేస్యా కొవాల్‌చుక్ నమస్కారాలతో రాయడమేమంటే, ఇక్కడ నేను క్షేమంగా లేను. అక్కడ మీరు క్షేమంగా ఉన్నారని కూడా అనుకోవడం లేదు. మిగతా మర్యాదలన్నీ మీ నోటీసులో మీరే చేసేశారు కనుక నేరుగా సంగతిలోకి వస్తున్నాను.

ముందు ఒక మాట. అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయేమిటని విసుక్కోవద్దు. మామూలుగా రాస్తే నా రాత లైను చివరికొచ్చేసరికి చీమల బారులా సన్నబడిపోతుంది. పెద్దగా రాయమని, మంగళవారాలు హాల్లో మాకు కసరత్తు చేయించే ఫిజియోథెరపిస్టు రోవెనా ఆర్డరు. చూసేవాళ్ళకి అరుస్తున్నట్టు ఉంటుందంటే ఉండనీ. అరుస్తున్నాను కూడా.

మీరూ, గారూ అనడం ఇక నా వల్ల కాదు. పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ ఏమే అంటే ఏమే అనుకున్నవాళ్ళం. తిట్టాలంటే నువ్వు అంటేనే నోరు తిరుగుతుంది.

శనివారం పంట విందులో జరిగింది నువ్వు చూశావు. చూడలేదనకు, గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నావు. నేను ప్లేటు పట్టుకుని వంటింటి గుమ్మం దాకా బాగానే వచ్చాను. గుమ్మం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. నడుం పైభాగం ముందుకి పోతానంటుంది, పాదాలు మాత్రం నేలకి అతుక్కుపోయి కదలవు. నా పార్కిన్సన్స్ జబ్బు తీరే అంత. వట్టి నేల మీద బాగానే నడిపించి, గుమ్మం కనపడగానే కాళ్ళు కట్టేస్తుంది. అందుకే కదా అక్కడ రోవెనా నేల మీద ఎర్ర టేపుతో అడ్డగీతలు అంటించింది. వాటిని చూసుకుని ఒక్కొక్కటీ దాటుకుంటూ అక్టోబరంతా నేను ఆ గుమ్మంలోంచి మహారాణిలా వెళ్ళొచ్చాను. శనివారం సాయంత్రం కిందికి చూస్తే అద్దంలా మెరిసే నేల తప్ప ఏమీ లేదు.

వెనకాల ఊరు ఊరంతా ప్లేట్లతో వరసలో ఉంది. వైను కొంచెం ఎక్కువైందా లేస్యా అని ఎవరో అన్నారు. ఇంకెవరో పుణ్యం కట్టుకుందామని చెయ్యి పట్టుకుని లాగారు. లాగితే ఒళ్ళు వస్తుంది గానీ కాళ్ళు రావు కదా. క్యాబేజీ రోల్సూ, గ్రేవీ, నేనూ అందరం కలిసి నీ కొత్త నేల మీద పడ్డాం. నేలకి ఏమైందో తెలియదు, నా మోకాలు మాత్రం ఇప్పటికీ వంకాయ రంగులో ఉంది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. నువ్వు రాలేదు. ఉన్నచోటే నిలబడి, ఒంట్లో బాగోలేనివాళ్ళు ఇంటిపట్టున కూర్చోవచ్చు కదా, ప్లేటు ఇంటికే పంపించేవాళ్ళం కదా అన్నావు. వినపడలేదనుకున్నావేమో. ఈ జబ్బు నా గొంతు తీసుకుంది, కాళ్ళు తీసుకుంది, చెవులు ఇంకా తీసుకోలేదు.

ఆ మంట చల్లారకముందే గోరుచుట్టు మీద రోకటిపోటులా సోమవారం నోటీసు. కొత్త నేలకి జిగురు అంటుతోందట. హాలు ఆసుపత్రి వాసన వేస్తోందట. హాలు ఆటలకీ పాటలకీ గానీ వైద్యానికి కాదట. కనుక మంగళవారం క్లాసు ఇకనుంచి లేదట. కింద నీ సంతకం.

వాసన సంగతి నువ్వే ఎత్తావు కనుక అడుగుతున్నాను. విందులో ఆపిల్ పైలు మాడి హాలంతా కంపు కొడుతుంటే మేమంతా కిటికీలు తీశాం. నువ్వు పొయ్యి పక్కనే నిలబడి నిమ్మకు నీరెత్తినట్టు వడ్డిస్తున్నావు. ఆ కంపు తెలియలేదు గానీ, మేము చేసే కసరత్తు వాసన తెలిసిందా నీకు?

గీతలంటే చిరాకంటున్నది ఎవరో కూడా చూసుకో. ఐసు మీద రాళ్ళు జార్చే మన కర్లింగ్ ఆటకి ఏటా ఐసు వేసేటప్పుడు గీత వెంట్రుకవాసి వంకరపోయిందని మోకాళ్ళ మీద పాకి మళ్ళీ వేయించినదానివి నువ్వు. మన బతుకంతా గీతల దగ్గరే గడిచింది కదే. గీత దాటకముందే రాయి వదలాలి. అటు చివర నిలబడి కెప్టెన్‌గా నేను కేకేస్తే, జారిపోయే రాయికి ముందు నువ్వు బ్రష్షుతో ఐసు రుద్దుకుంటూ పరుగెత్తేదానివి. నా కేక గోధుమ గోదాముల దాకా వినిపిస్తుందని ఊరంతా నవ్వేది. ఇప్పుడు పక్క కుర్చీలో ఉన్న మైరన్‌కే వినపడదు, నా మొగుడికి అది సుఖంగానే ఉందనుకో. పోయిన చలికాలం నువ్వు భుజం నొప్పని ఆట మానేశాక ఆ బ్రష్షు ఇంకెవరి చేతిలోనూ నాకు నచ్చలేదు. ఆ మాటా నీకు చెప్పాను.

రోవెనా రాకముందు నా సంగతి నీకు తెలియనిది కాదు. జిల్లా ఆసుపత్రిలో ఒకాయన ఇచ్చిన కసరత్తుల కాగితం ఇంటికి తెచ్చి చూస్తే, మైరన్ మోకాలి ఆపరేషన్‌కి ఇచ్చిందీ అదీ ఒకటే. అడిగితే, కాలికి కసరత్తు కాలికే కదమ్మా అన్నాడు. ఆ తరవాత చక్రాల బండి ఒకటి ఇచ్చారు, పట్టుకు నడవమని. కాళ్ళు ఆగాయి, బండి ఆగలేదు. కో-ఆప్ కొట్టులో డబ్బాల వరసలో బోర్లా పడ్డాను. ఆ రోజు నన్ను లేపి, ముక్కు తుడిచి, కొట్టు మేనేజరుతో పోట్లాడింది నువ్వే. ఆ వెర్నా ఏమైపోయిందో నాకు తెలియాలి.

టేపు ముక్కలు అంటించడానికి సిటీ నుంచి స్పెషలిస్టు రావాలా, గీతలు గీయడం మా మనవరాలికీ వచ్చు అని కమిటీలో అన్నావట. అన్నావని విన్నాను. మీ మనవరాలికి గీయడం వచ్చు, నిజమే. ఎవరికి గీయాలో, ఎక్కడ గీయాలో, ఎంత ఎడంగా గీయాలో వచ్చా? రోవెనా మొదటి రోజు నాకేమీ చెప్పలేదు. నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చుని, నన్ను అటూ ఇటూ నడిపించి, నా పాదాలనే చూస్తూ ఉండిపోయింది. చివరికి, కాళ్ళలో బలానికేం లోటు లేదు టీటా, ఆలోచించకుండా నడిపించే దారి తలలో మూసుకుపోయింది అంది. వాళ్ళ ఫిలిప్పీన్స్‌లో పెద్దావిడలని టీటా అంటారు, అంటే అత్తయ్య. కంటికి ఒక గీత కనపడి దాన్ని దాటాలనుకుంటే, తల ఇంకో దారిలోంచి కాళ్ళకి కబురు పంపుతుందట. నడవడం మరిచిపోయిన కాళ్ళు దాటడం మరిచిపోవట. నేను నమ్మలేదు. దాటాను. ఏడ్చాను. ఏడుస్తూ నడవకు, ఒకసారికి ఒకటే పని అని కసిరింది.

మైరన్‌కీ పడ్డాయి అక్షింతలు. నేను ఆగినప్పుడల్లా ముందు నిలబడి లాగేవాడు కదా. బురదలో దిగబడ్డ ట్రాక్టరా ఈవిడ, గొలుసేసి లాగుతున్నావు, వదిలెయ్ అంది. ఆగిపోతే ఆగిపోవాలి, ఒంటి బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి ఊగించుకోవాలి, అప్పుడు పెద్ద అడుగు వెయ్యాలి. పక్కవాళ్ళు నోరు మూసుకుని నిలబడాలి. మైరన్‌కి ఆ నోరు మూసుకోవడమే పెద్ద కసరత్తయింది.

మా క్లాసులోనే ఉన్న గార్డన్‌కి ఈ గీతలు పైసాకి పనికిరావు. అతనిది పక్షవాతం, కథ వేరు. అతని మంచి చేతికి మందపాటి తొడుగు వేసి కట్టేసి, పడిపోయిన చేత్తోనే కప్పు ఎత్తమంది. రాక్షసి అని వాళ్ళావిడ ఏడ్చింది. ఇవాళ గార్డన్ ఆ చేత్తోనే పేకముక్కలు పంచుతున్నాడు, అందులో మోసం కూడా చేస్తున్నాడు. ఒకరి మందు ఇంకొకరికి పనికిరాదని తెలిసినవాళ్ళనే స్పెషలిస్టు అంటారు, వెర్నా. రాయి ఎవరు వేస్తే ఎటు వంగుతుందో కళ్ళు మూసుకుని చెప్పేదానివి, నీకు నేను చెప్పాలా?

నిన్న మంగళవారం ఆ పిల్ల మంచులో రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చి నీ తాళం చూసి నిలబడింది. ముసలాళ్ళం మేమంతా చలికి గజగజలాడుతూ వెనక నిలబడ్డాం. చివరికి మా ట్రాక్టర్ల షెడ్డులో జరిపించింది క్లాసు. ఇక్కడ ఆసుపత్రి వాసన లేదు, డీజిలు వాసనే అని నవ్వించింది గానీ, వెళ్ళేటప్పుడు మైరన్‌ని పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పింది. గుంటలు పడ్డ నేల మీద ఎవరైనా పడితే పూచీ తనదట. చదునైన హాలు లేకపోతే పైవాళ్ళు ఆ మంగళవారాలు ఇంకో ఊరికి ఇచ్చేస్తారట. మళ్ళీ ఇటు రావడం ఉండదు. అంటే నేను కుర్చీకి, కుర్చీ కిటికీకి అంకితం. ఇదంతా నీ నేల మీద మెరుపు కోసం.

ఆదివారం కమిటీ కూర్చుంటుందని తెలిసింది. నేను వస్తాను. గుమ్మం దగ్గర ఆగిపోతే ఆగిపోతాను, మీరంతా కూర్చుని చూడండి. మంగళవారం తాళంచెవి మాకు తిరిగి రావాలి, నా గీతలు ఉన్నచోటికి తిరిగి రావాలి. ఈ ఉత్తరం కమిటీలో పైకి చదువుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ నేల మీద గ్రేవీ ఒలకబోసిన సభ్యురాలు,
లేస్యా కొవాల్‌చుక్

తా.క. ఏమే, ఈ కాగితం విడిగా పెట్టాను. ఇది కమిటీకి కాదు. చదివి పొయ్యిలో పడెయ్.

శనివారం పొద్దున నేను హాల్లోనే ఉన్నాను. కోట్ల గదిలో బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాను, నాకు అదొక పెద్ద కార్యక్రమం కదా. నువ్వు ఖాళీ సీసాల ట్రే పట్టుకుని వంటింట్లోకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగావు. ఏదో మరిచిపోయావనుకున్నాను. తరవాత నీ మడమలు చూశాను. లేస్తున్నాయి, పడుతున్నాయి, మునివేళ్ళు మాత్రం నేలని వదలడం లేదు. సీసాలు గలగలమంటున్నాయి. అదేమిటో ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు గానీ నాకు తెలుసు. నువ్వు చుట్టూ చూశావు. ఆ తరవాత కిందికి చూశావు. నా ఎర్ర గీత మీంచి నీ కాలు లేచి దాటింది. రెండోదీ దాటింది.

నిన్ను పిలవబోయాను. ఈలోగా ట్రే లోపల పెట్టి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, గీతలన్నీ ఒక్కొక్కటీ గోళ్ళతో పీకావు. పీకి ఉండచుట్టి చెత్తబుట్టలో వెయ్యలేదు, నీ ఏప్రన్ జేబులో పెట్టుకున్నావు. అప్పుడు నీ భుజం నొప్పీ గుర్తొచ్చింది, ఈ జబ్బు మొదట్లో అలా కూడా వస్తుంది. ఆ సాయంత్రం మాడిన పైలతో ఇంక సందేహం లేకుండా పోయింది. నాకూ ముందు పోయింది కాఫీ వాసనే. విందులో నేను పడితే నువ్వెందుకు కదల్లేదో కూడా అప్పుడే తెలిసింది. కదలాలనే ఉండి ఉంటుంది నీకు.

తనదాకా వస్తే గానీ తెలియదంటారు. నీకు తనదాకా వచ్చినా నాకు తెలియనివ్వలేదు. నా ముక్కు తుడిచినదానివి, నాకే చెప్పకుండా దాచావు. ఆరు కాగితాల కోపం దీనికేనే. నేను ఎవరికీ చెప్పలేదు, మైరన్‌కి కూడా. ఆదివారం నువ్వు నాకు వ్యతిరేకంగా చెయ్యెత్తినా ఈ మాట నా నోట్లోంచి రాదు.

మా వాకిలి నుంచి వంటింటి దాకా ఇవాళ కొత్త గీతలు వేయించాను. ఇంత ఎడంగా అయితే నీ అడుగు అందదు కదా అని మైరన్ గొణిగాడు. వెయ్యమన్నట్టు వెయ్యి అన్నాను. నీ కాళ్ళు నాకంటే పొడుగు.