బుగ్గకు గుచ్చుకోని ఇసుక

ఏమోయ్, నేను కులాసా. జలుబు కూడా పోయింది, కంగారుపడకు. గాజుతొట్టిలో చేపల మీసాలు అరిగిపోతున్నాయని, అడుగున ఆ గరుకు రంగురాళ్ళు ఏరి వేసింది తనేనని బుడ్డది ఏడ్చి అన్నం మానేసిందని రాశావుగా. ఆదివారం ఇక్కడి పెంపుడు చేపల కొట్టుకు వెళ్ళాను. "అవి అడుగున తిరిగే చేపలండీ, మూతితో తవ్వుకుని తింటాయి. రాళ్ళేస్తే మూతి చెక్కుకుపోదూ? సన్న ఇసుక వెయ్యండి" అన్నాడు కొట్టతను. గరుకో నునుపో బుగ్గకు రాసుకుంటే తెలుస్తుందట. గుప్పెడు తీసి రాసుకున్నాను. చల్లగా, మెత్తగా జారింది. చుట్టూ తొట్లలోంచి పచ్చటి వెలుగు. ఓ మీసాల చేప ఇసుకలో కళ్ళదాకా దిగబడి కునుకు తీస్తోంది. నేనూ కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపో తెలీదు. "ఇంటికెళ్ళి పడుకోండి సారూ" అని అతను నవ్వాక ఈ లోకంలోకి వచ్చాను.

రాళ్ళన్నీ తీసి పూలకుండీల్లో పొయ్యి. ఇసుకను తేటనీళ్ళు వచ్చేదాకా కడిగి, రెండు వేళ్ళ మందాన పరిచెయ్యి. వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? మీ అమ్మగారికి నమస్కారాలు. మీసాలు మళ్ళీ మొలుస్తాయట. ఈ మాట బుడ్డదానికి గట్టిగా చదివి వినిపించు. కొనేముందు ఇసుకను దాని బుగ్గకే రాసి చూడు. "నాన్న గడ్డంలా ఉంది" అందంటే అది వద్దు. గుచ్చుకోవడానికి ఇక్కడ ఎవరి బుగ్గా లేకపోయినా, నేను రోజూ గడ్డం నున్నగా గీసుకుంటున్నానని చెప్పు.

మీ ఇంటాయన