మిషన్ పెట్టే చోటు

జోల్వా, సూరత్

కరుణక్కా,

స్వెటర్లు అల్లే నీ మిషన్ పంపిస్తానన్నావు. ఇంట్లోనే కూర్చుని నాలుగు రాళ్లు సంపాదించుకోమన్నావు. మా ఇంటి సంగతి నీకు తెలియదక్కా. లాక్‌డౌన్‌లో మగ్గాల కార్ఖానా మూసినప్పటినుంచి నీ మరిది ఇంట్లోనే ఉంటున్నాడు. మొన్న కూరలో ఉప్పెక్కువైందని జుట్టు పట్టుకుని నా తల గోడకేసి కొట్టాడు. ఆసుపత్రికి పోతే కరోనా అంటుకుంటుందని గాయానికి పసుపు అద్దుకున్నాను.

ఈ దెబ్బలు కొత్త కాదు. మా గది కిందే మరమగ్గాలు. ఇన్నేళ్లూ ఆ మోతలో నా అరుపు నాకే వినబడలేదు. ఇప్పుడు మగ్గాలు ఆగాయి కదా, మొన్న అందరూ విన్నారు. పక్క గది గంగవ్వ చపాతీల కర్ర పట్టుకొచ్చి తలుపు తన్నింది.

"ఇంకొక్క దెబ్బ ఎయ్యి బిడ్డా, నీ చెయ్యి ఇరగ్గొడ్త!" అంది.

ఆయన నా జుట్టు వదిలేశాడు.

సోమవారం నుంచి మగ్గాలు మళ్లీ నడుస్తాయట. ఆయన షిఫ్ట్ దిగి వచ్చినా, కింద ఇంకొకరి షిఫ్ట్‌లో మగ్గాలు మోగుతూనే ఉంటాయి. ఇక్కడ అందరూ సంబరపడుతున్నారు. నా అరుపు మాత్రం మళ్లీ ఎవరికీ వినబడదు.

మిషన్ పంపక్కా, నేర్చుకుంటాను. మా గదికి మాత్రం వద్దు, గంగవ్వ పేరు మీద పంపు. మగ్గాలు మొదలయ్యేలోపు నేనూ ఆమె గదికే పోతున్నాను.

నీ చెల్లెలు