పిన్నికి రాజీనామా

అమ్మకు,

నీ చిన్నకూతురు నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ తమ్ముడూ కులాసాగానే ఉన్నాం. అక్కడ మీరంతా కులాసా అని నువ్వు రాసిన ముక్క కంటే, ఆ కాగితం మీద అక్క పాప పోసిన పాల మరక చూశాకే నాకు నమ్మకం కుదిరింది. ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో అయితే మొదటి మాటకే నువ్వు అందుకుంటావు, ఇక నా వంతు రాదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు నువ్వడిగినవి. వంటింటి కుళాయిని తమ్ముడే బాగు చేశాడు, అందుకని ఇప్పుడు స్నానాల గదిలో కారుతోంది. ఇంటర్వ్యూకి కొత్త చెప్పులు వేసుకోలేదు, పాతవే తుడుచుకుని వెళ్ళాను. ల్యాబులో సెలవు కోసం అబద్ధం ఆడలేదు, సొంత పని ఉందన్నాను, పిన్ని సరేనంది. ఇక "పిన్ని ఏమంది?" అని కింద గీతలు గీసి మరీ అడిగావే, దాని దగ్గరికి చివర్లో వస్తాను. తొందరపెట్టకు.

ఆస్పత్రిలో ఆ విభాగం మేడమీద ఉంది. ప్రమాదాల్లోనో జబ్బు చేసో చెవీ ముక్కూ పోయినవాళ్ళకి అక్కడ కొత్తవి చేసి అమరుస్తారు. పెద్ద డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని, ఇన్నేళ్ళుగా పళ్ళసెట్లు చేస్తున్నారు కదా, ఆ ల్యాబు ఎందుకు వదులుతున్నారని అడిగింది. ఉన్నచోటి గురించి చెడ్డ మాట అనొద్దన్నావు నువ్వు. అనడానికి నాకూ ఏమీ లేదు. "పళ్ళు చేయడం వచ్చేసిందండీ. చెవి చేయడం రాదు. అది నేర్చుకుందామని" అన్నాను.

అయితే చేసి చూపించమని మైనం ముద్ద చేతిలో పెట్టారు. ఎదురుగా కనిపించే చెవి డాక్టరమ్మదే. నేను దాన్నే గుచ్చి గుచ్చి చూస్తూ చెక్కుతుంటే, జుట్టు రేగిందనుకుని ఆవిడ మాటిమాటికీ సర్దుకుంటోంది, సర్దినప్పుడల్లా చెవి మూసుకుపోతోంది. చివరికి సిగ్గు విడిచి, కాస్త జుట్టు వెనక్కి తీయమని అడిగాను. గదంతా నవ్వింది. పైమడత బాగానే వచ్చింది కానీ తమ్మె కాస్త లావైంది.

ఈ పని ఎవరి దగ్గర నేర్చుకున్నారంటే, అలవాటు కొద్దీ మా పిన్ని దగ్గర అనేశాను. సొంత పిన్నా అని అడిగారు. కాదండీ, మా అమ్మా ఆవిడా పక్కపక్క బల్లల మీద పనిచేశారు, తర్వాత ఆ ల్యాబు ఆవిడే కొనుక్కున్నారు, అమ్మ మాట మీద నన్ను చేర్చుకున్నారు అని చెప్పాను. నా గురించి తెలిసినవాళ్ళ నంబరు అడిగితే పిన్నిదే రాసిచ్చాను, ముందు నాకు ఉద్యోగం ఖాయం చేశాకే ఆవిణ్ణి అడుగుతారులే అనుకున్నాను. జీతం మాట వచ్చినప్పుడు నువ్వు చెప్పినట్టే నోరు మూసుకున్నాను. వాళ్ళే కాస్త పెంచారు. నేను నోరు మూసుకుని సంపాదించింది నా జన్మలో అదొక్కటే.

ఆఫర్ కాగితం చేతికొచ్చేదాకా పిన్నికి కూడా చెప్పొద్దన్నావు. చెప్పలేదు. వచ్చిన మర్నాడు రాజీనామా రాశాను. నాలుగంటే నాలుగే వాక్యాలు. ఎప్పటిదాకా ఉంటానో, చేతిలో ఉన్న సెట్లన్నీ పూర్తి చేసే వెళ్తానని, కృతజ్ఞతలని. పైన "గౌరవనీయులైన యజమానిగారికి" అని పెట్టాను. పిన్నీ అని రాస్తే అది రాజీనామా ఎలా అవుతుంది?

పిన్ని చదివి, మడిచి, ప్లాస్టర్ గిన్నె కింద పెట్టింది. "సంతోషమండీ" అంది.

అమ్మా, అక్కడి నుంచి నేను "మీరు" అయిపోయాను. మైనం అందిస్తారా, ఆ దీపం కాస్త తగ్గిస్తారా, అన్నీ అండీలే. టీ గ్లాసు నా ముందు పెడుతుంది, నా మొహం చూడదు. సెట్టు పూర్తిచేసి చేతిలో పెడితే, వెలుతురులో తిప్పి కూడా చూడకుండా "బాగుందండీ" అంటుంది. వంక పెట్టకుండా ఎప్పుడైనా తీసుకుందా నా పని? నాకు ప్రాణం ఉసూరుమంది. కొత్త ఉద్యోగం వచ్చిన ముచ్చటే లేకుండా పోయింది. పిన్ని లేకపోతే నాకా చెవులూ వద్దు, ముక్కులూ వద్దు అనిపించింది.

ఇంతలో చేరే తేదీ కనుక్కోవడానికి డాక్టరమ్మ ఫోన్ చేసింది. మాటల్లో, మీ యజమానితో మేం ముందే మాట్లాడాం కదా అంది. నా ఇంటర్వ్యూ అయిన వారంలోనేనట! మీ గురించి చెప్పమని అడిగితే, కూతుర్ని అత్తవారింటికి పంపేముందు ఆరా తీసినట్టు ఆవిడే మమ్మల్ని ప్రశ్నలడిగారు అని నవ్వింది. గదిలో వెలుతురు ఎటునుంచి వస్తుంది, కుర్చీకి వీపు ఆనుతుందా, మా అమ్మాయి పనిలో పడితే తిండి మర్చిపోతుంది, పిలిచేవాళ్ళెవరైనా ఉన్నారా అని.

మర్నాడు బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నీకు ముందే తెలుసా పిన్నీ అన్నాను.

"తెలుసు. ఇవాళ చెబుతారు, ఇవాళ చెబుతారని రోజూ టీ దగ్గర చూశాను" అంది చేతిలో పని ఆపకుండా. "మీరు వెళ్తున్నందుకు కాదండీ నా బాధ. నాకు చివర్న తెలియాల్సి వచ్చినందుకు."

ఏడుపొచ్చేసింది. తప్పు నాదే పిన్నీ, నీకే ముందు చెప్పాల్సింది అన్నాను. పిన్ని చేతిలో పని ఆపింది. తర్వాత, మీ అమ్మగారికి తెలుసా అంది.

ఇదిగో, నేను ఇంతసేపూ దాచిన సంగతి ఇదే. తెలీదన్నాను. మీ ఇద్దరి మధ్య మాట రాకూడదని అలా అనేశాను.

పిన్ని కళ్ళజోడు తీసింది. "మీ అమ్మకు చెప్పకుండా నువ్వు తుమ్మవు కూడా. నా దగ్గరా నాటకాలు? నాకు చెప్పొద్దన్నది అదే కదూ?"

నేను ఔననలేదమ్మా, ఒట్టు. తల మాత్రం దించుకున్నాను. పిన్నికి అది చాలు. నిన్న నేనిచ్చిన సెట్టు తీసి నా ముందు పడేసి, ఈ కోరపన్ను ఎటు పోతోందో చూడవే, ఇలాంటి చేత్తో చెవులు చేస్తావా, ఆ చెవి పెట్టుకున్నవాడి గతేం కాను అని మొదలెట్టింది. మధ్యాహ్నం దాకా తిడుతూనే ఉంది. హాయిగా కూర్చుని ఆ పన్ను మళ్ళీ చేశాను.

కాబట్టి ఆదివారం నీకు ఫోన్ వస్తుంది. "అమ్మగారూ, ఆరోగ్యం ఎలా ఉందండీ" అని పిన్ని మొదలుపెడితే, మురిసిపోకు. కారణాలు చెప్పకు, వాదించకు, నన్ను అడ్డం పెట్టుకోకు. చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నాదే అను, అని ఊరుకో. కాసేపు అవతల చప్పుడుండదు. ఫోన్ మాత్రం పెట్టేయకు. తిట్లు మొదలయ్యాక ఇక నీకే భయమూ లేదు.

ఇట్లు,
మళ్ళీ తిట్లకు నోచుకున్న
నీ చిన్నకూతురు